కూర్చుని చేసే పని

"కూర్చుని చేసే పనేదన్నా ఉంటే చూడండి బాబూ." మా పెద్దమ్మ ఈ మాట ఎంతమందితో అందో లెక్కలేదు. ఉండి సెంటర్లో బస్సు దిగిన చదువుకున్న వాళ్ళతో అంది, మండలాఫీసు గుమాస్తాతో అంది, ఓట్లకొచ్చిన ప్రతివాళ్ళతోనూ అంది. వాళ్ళందరూ "ఆయ్, చూద్దామండి" అనే అన్నారు. ఆ పని మా అక్క కోసం.

అక్క 1975లో పుట్టింది. రెండో ఏట జ్వరం వస్తే ఊళ్ళో ఒకాయన సూది వేశాడు. తెల్లారేసరికి ఎడమకాలు పడిపోయింది. సూది వికటించిందనే మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒంట్లో పోలియో వైరస్ ఉన్నప్పుడు కండకి సూది పొడిస్తే ఆ కాలే చచ్చుబడే ప్రమాదం ఎక్కువని చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడో చదివి నేను పెద్దమ్మకి చెప్పాను. "ఇప్పుడు చెప్పి ఏం లాభమే" అంది. నిజమే. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో దేశాన్ని పోలియో రహితమని ప్రకటించారు. ఆ పండగ వార్త వచ్చిన రోజు నాకు మాత్రం అంతకు ముందే పోలియో వచ్చి, పెరిగి పెద్దవాళ్ళయి, పని కోసం వెతుక్కుంటున్న వాళ్ళందరూ గుర్తొచ్చారు. వ్యాధి పోయింది, వాళ్ళు ఉన్నారు.

ఈ వ్యాసం 'కూర్చుని చేసే పని' అనే ఆ మాట గురించి. ఆ మాట వెనక ఒక చరిత్ర ఉంది.

మా వైపు ఆడవాళ్ళ పని కూర్చుని చేసేది కాదు, వంగుని చేసేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలొచ్చాక డెల్టా అంతా వరి అయింది. ఊడ్పులు, కలుపులు, కోతలు, అన్నీ నడుములు వంచే పనులే. అందులోనూ గుత్త కూలి. పదీ పన్నెండు మంది ఆడవాళ్ళు ముఠా కట్టి ఎకరం ఇంత అని మాట్లాడుకుంటారు, వచ్చిన డబ్బు సమానంగా పంచుకుంటారు. బురదలో కాలు నిలవని పిల్లని ముఠాలో చేర్చుకుంటే ఆ పిల్ల వాటా మిగతా వాళ్ళు మొయ్యాలి. వాళ్ళేమీ రాతిగుండె మనుషులు కాదు, అంత ఇచ్చుకునే స్తోమత వాళ్ళకి లేదు. గుత్త పద్ధతే అలా కట్టి ఉంది. ఒక మనిషికి పనిచేసే శక్తి 'తక్కువ' అని మనం అంటున్నప్పుడు దేనికంటే తక్కువ, ఏ కొలత ప్రకారం తక్కువ అని అడగాలని నాకు ఆ ముఠాల్ని చూశాకే తట్టింది.

అక్కకి మొదట దొరికిన కూర్చునే పని లేసు. మా మేనత్తది పాలకొల్లు వైపు. ఉండి కాపురానికి వస్తూ పెట్టెలో కొక్కెపు సూదీ దారం కండెలూ తెచ్చుకుంది. పన్నెండేళ్ళ అక్కకి గొలుసు కుట్టు నేర్పింది.

నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో లేసు 19వ శతాబ్దపు ముచ్చట. స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద ఆడవాళ్ళకి బతుకుతెరువుగా నేర్పారు. తర్వాత అది వ్యాపారమై, గోషా పాటించే కాపు కుటుంబాల్లోకి కూడా పాకింది. గడప దాటకుండా చేసుకోవచ్చు, పరువు పోదు, అదీ సౌకర్యం. జర్మన్ స్త్రీవాది మరియా మీస్ 1970ల చివర ఇక్కడికొచ్చి ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న ఈ ఆడవాళ్ళని ఎగుమతిదారులూ ఏజెంట్లూ 'ఇంట్లో తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకునే గృహిణులు' అంటారనీ, ఆ పేరు పెట్టడం వల్లే వాళ్ళకి కూలి అంత తక్కువ ఇవ్వగలుగుతున్నారనీ ఆవిడ చూపించింది. కార్మికురాలిని గృహిణిగా మార్చెయ్యడం అన్నమాట. మీస్ 2023లో చనిపోయింది. ఆ మరుసటి ఏడాది నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి గుర్తింపు వచ్చింది, సంతోషమే. అల్లిన వాళ్ళకి కూలి రేటు గుర్తింపు ఎప్పుడో మరి.

ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు మా అక్కే కనిపించింది. గోషా వల్ల గడప దాటకూడని మనిషీ, కాలు వల్ల గడప దాటలేని మనిషీ ఇద్దరి చేతిలోనూ ఒకటే కండె దారం. ఏజెంటు ఇద్దరికీ ఒకటే రేటు కట్టాడు. అల్లిన పువ్వులకి ఒక రేటు, వాటిని కలిపి కుట్టే అతుకుపనికి ఒక రేటు. మా అక్క కాలు బాగోదు కాబట్టి ఆయన తక్కువ ఇవ్వలేదు, అందరికీ కలిపే తక్కువ ఇచ్చాడు! అవిటితనం లేని ఆడవాళ్ళని కూడా అవిటివాళ్ళుగా లెక్కగట్టిన పరిశ్రమ అది. అందుకే అక్కకి అందులో ఇబ్బంది లేకుండా చోటు దొరికింది.

1991లో జనాభా లెక్కల మాస్టారు ఇంటికొచ్చాడు. అక్కకి పదహారేళ్ళు, అరుగు మీద కూర్చుని అల్లుతోంది. "అమ్మాయి ఏం చేస్తుందండి?" "ఏం చెయ్యదండి, ఇంట్లోనే ఉంటుంది." పెదనాన్న అబద్ధం చెప్పలేదు, ఆయనకి నిజంగా అలాగే అనిపించింది. మాస్టారు అక్క చేతుల వంక చూస్తూనే 'పని చెయ్యరు' గడిలో గుర్తు పెట్టుకున్నాడు. ఇంకో విచిత్రం ఏమిటంటే కాలు సంగతి ఆయన అడగనే లేదు. బ్రిటిష్ వాళ్ళు 1872 నుంచి 1931 దాకా పిచ్చి, చెవిటి-మూగ, గుడ్డి, కుష్ఠు అని నాలుగు రకాల లోపాల్ని లెక్కపెట్టారు. తర్వాత మానేశారు. 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం కాబట్టి ఆసారి అడిగారు. 1991లో మళ్ళీ అడగలేదు. 2001 నుంచి అడుగుతున్నారు. అంటే ఆ రోజు మా అరుగు మీద కూర్చున్న మనిషి వికలాంగురాలిగానూ లెక్కలోకి రాలేదు, కార్మికురాలిగానూ రాలేదు.

అడగడం మొదలుపెట్టాక మాత్రం ఏం తేలింది? 2011 లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వాళ్ళలో ఏదో ఒక పని చేస్తున్న వాళ్ళు మగవాళ్ళలో 47 శాతం, ఆడవాళ్ళలో 23 శాతం. ఆ మిగిలిన 77 శాతంలో ఎంతమంది చేతుల్లో కొక్కెపు సూదులున్నాయో, ఎంతమంది చంకల్లో వదినగారి పిల్లలున్నారో, ఎంతమంది కూర్చుని ఇంటిల్లిపాదికీ కూరలు తరుగుతున్నారో!

ఇక ప్రభుత్వాలు 'వికలాంగులకి ఉపాధి' అనే మాట అన్నప్పుడల్లా వాళ్ళ మనసులో ఉన్న మనిషి ఎవరు? మగవాడు. అదీ మొదట్లో సైనికుడు. బ్రిటన్‌లో 1944లో, యుద్ధం ఇంకా ముగియకముందే చట్టం చేశారు. ఇరవైమందికి పైగా పనిచేసే చోట 3 శాతం వికలాంగులుండాలన్నారు. రెండు ఉద్యోగాల్ని వాళ్ళకే ప్రత్యేకించారు కూడా, ఒకటి లిఫ్టు నడపడం, రెండోది కార్లు నిలిపే చోట కాపలా. కూర్చుని చేసే పనుల కోసం వెతికి వెతికి అంత గొప్ప సామ్రాజ్యం కనిపెట్టినవి ఈ రెండూ. మన దగ్గర 1968లో బొంబాయి, హైదరాబాదుల్లో వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రాలు పెట్టారు. తర్వాత చాలా రాష్ట్రాల్లో వచ్చాయి, వాటిల్లో ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా పెట్టింది ఒక్కటి, గుజరాత్‌లోని వడోదరలో. ఉండి నుంచి హైదరాబాదే ఒక రాత్రి ప్రయాణం. కాలు బాగోని పెళ్ళికాని పిల్లని అంత దూరం ఎవరు పంపుతారు, ఎవరి తోడుతో? 1977లో కేంద్ర ప్రభుత్వం కింది స్థాయి ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 1995 చట్టం చూపు లేనివారికి ఒకటి, వినికిడి లేనివారికి ఒకటి, కాళ్ళూ చేతుల వైకల్యం ఉన్నవారికి ఒకటి అని పంచింది. అయితే అన్ని ఉద్యోగాల్లో కాదు, 'గుర్తించిన' ఉద్యోగాల్లో.

ఆ గుర్తించిన ఉద్యోగాల జాబితా ఒకటి 2001లో వెలువడింది. నేను లైబ్రరీలో చాలాసేపు దాని ముందు కూర్చుండిపోయాను. ప్రతి ఉద్యోగం పేరు పక్కనా ఇంగ్లీషు పొడి అక్షరాలుంటాయి. 'ఎస్' అంటే కూర్చుని చేసేది. 'ఎస్‌టి' అంటే నిలబడి. 'డబ్ల్యు' అంటే నడుస్తూ. 'బిఎన్' అంటే వంగుతూ. మా పెద్దమ్మ మాట ఢిల్లీలో అచ్చయింది! పనిని ముక్కలుగా విడదీసి చూడటం మంచిదే, అంతకు ముందు 'వీళ్ళు పనికిరారు' అని గుండుగుత్తగా తోసెయ్యడం కంటే వెయ్యిరెట్లు నయం. కానీ ఆ జాబితా అడిగే ప్రశ్న ఒక వైపే ఉంటుంది. ఈ మనిషి ఈ కుర్చీకి సరిపోతుందా అనే అడుగుతుంది తప్ప, ఆ కుర్చీని కొంచెం జరపొచ్చా అని అడగదు. అటుపక్క సర్టిఫికెట్టు సంగతీ అంతే. ఏలూరు వెళ్ళి తెచ్చుకున్న కాగితంలో అక్క కాలు ఇంత శాతం అని ఉంటుంది. 40 దాటితేనే ఏ సదుపాయమైనా. 60 శాతం వైకల్యం అంటే 40 శాతం పనిచెయ్యగలదనే జనం అనుకుంటారు. లేసు అల్లడానికి ఆ కాలు నూటికి సున్నా శాతం అడ్డం, ఊడ్పులకి నూటికి నూరు. ఆ తేడా రాయడానికి కాగితంలో గడి లేదు.

1997లో అక్కకి బూత్ వచ్చింది. టెలిఫోన్ శాఖ ఎస్టీడీ బూత్‌ల కేటాయింపులో వికలాంగులకి ప్రాధాన్యం ఇచ్చేది. మా తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ప్రతి సెంటర్లోనూ పసుపు బోర్డు, అద్దాల గది, బయట బల్ల వెనక మూడు చక్రాల సైకిలు. మా పెద్దమ్మ వెతికిన పని ఎట్టకేలకి దొరికింది. పదో తరగతి పాసైన మా అక్క రోజంతా బల్ల ముందు కూర్చుని జనం గొంతులు వింది. అప్పటికి మా చుట్టుపక్కల చేలన్నీ చెరువులవుతున్నాయి. రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చి అప్పులపాలైన వాళ్ళు చెన్నైకీ విశాఖకీ ఫోన్లు చేసుకునేవాళ్ళు. చేపల వాళ్ళు హౌరాకి చేసేవాళ్ళు. ఆరోజు హౌరా మార్కెట్లో బొచ్చె ఎంత, శీలావతి ఎంత అన్నది రైతులకంటే ముందు మా అక్కకి తెలిసేది. చెరువు పట్టాలా ఇంకో రెండు రోజులు ఆగాలా అని ఆమెని అడిగి వెళ్ళేవాళ్ళు. పెద్దమ్మ ఎవరినీ ఏమీ అడగడం మానేసింది.

అన్నీ బాగున్నాయి, రెండు తప్ప. లైసెన్సు అక్క పేరు మీద, గల్లాపెట్టె తాళం మాత్రం అన్నయ్య దగ్గర. అక్క రోజూ మాట్లాడిన నిమిషాలూ వచ్చిన రూపాయలూ నోటుపుస్తకంలో రాసి సాయంత్రం అన్నయ్యకి అప్పజెప్పేది. ఆమెకి కావాల్సినవి 'కొనిపెట్టేవాళ్ళు'. ఇది మా ఇంట్లోనే కాదు, వికలాంగుల పేరు మీద వచ్చిన దుకాణాల్ని ఇంటి మగవాళ్ళు నడుపుకున్న కథలు ప్రతి ఊళ్ళో వింటాం. మా అక్క నయం, కనీసం బల్ల ముందు తనే కూర్చుంది.

రెండోది ఏ జాబితాలోనూ లేని అక్షరం. ఆ సెంటర్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళు కాలవగట్టు చూసుకునేవాళ్ళు. అక్క పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి రాత్రి తొమ్మిదింటికి వెళ్ళేది. మధ్యాహ్నం అన్నం తెచ్చిన చిన్నాడు సైకిలు తోస్తే ఒకసారి ఇంటికెళ్ళి వచ్చేది, వాడు రాని రోజు అదీ లేదు. నీళ్ళు తాగడం మానేసింది. ఏడేళ్ళు! కిడ్నీల్లో రాళ్ళు తీయించినప్పుడు డాక్టరు నీళ్ళెందుకు తాగవమ్మా అంటే అక్క నవ్వి ఊరుకుంది. కూర్చుని చేసే పనికి కూడా మధ్యలో లేవాల్సిన అవసరం ఉంటుందని ఆ పని కనిపెట్టిన వాళ్ళకి తోచలేదు. వాళ్ళు ఊహించుకున్న వికలాంగుడు మగవాడు కదా.

తర్వాత సెల్‌ఫోన్లొచ్చాయి. 2005లో బూత్ మూశారు. అన్నయ్య అక్కడే రీచార్జి కొట్టు పెట్టాడు. అక్క మళ్ళీ అరుగు మీదకి వచ్చింది, మళ్ళీ కొక్కెపు సూది.

ఇక్కడ ఒక మలుపుంది. అది కూర్చునే పని వల్ల వచ్చింది కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై, 2008 ఏప్రిల్లో మూడో విడతగా మా పశ్చిమగోదావరికి వచ్చింది. మా వైపు చేసింది ఎక్కువగా కాలువల పూడికతీత. అక్కకీ అందులో పనేమిటి అని అందరూ అనుకున్నాం. కానీ ఆ పథకంలో మట్టి తవ్వడమొక్కటే పని కాదు. నీళ్ళందించడం పనే. ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురుంటే వాళ్ళని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి, ఆమెకీ అదే కూలి ఇవ్వాలని ఉంది. పిల్లల్ని చూడటం పని అని, దానికి మట్టి తవ్వినంత కూలి అని ఒక సర్కారు కాగితం మీద చూడటం నాకు అదే మొదటిసారి. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగుల శ్రమశక్తి సంఘాలు పెట్టారు. అందరికీ వందరోజులైతే వీళ్ళకి నూట యాభై. కొలతలో 30 శాతం తక్కువ చేసినా పూర్తి కూలి.

గొణుగుడు మొదలైంది. మేం అంతా తవ్వాలి, వాళ్ళకి తగ్గింపు ఏమిటని. అప్పుడు అక్క అన్న మాట నేను ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం. "నేల గట్టిగా ఉంటే రేటు పెంచుతున్నారు కదండీ. ఎండ ముదిరితే కొలత తగ్గిస్తున్నారు. నా కాలు కూడా గట్టినేలే అనుకోండి." నిజంగానే ఆ పథకంలో నేల రకాన్ని బట్టి రేట్లు వేరు, ఎండాకాలం భత్యం వేరు. కొలత అనేది మనుషులు పెట్టుకున్నది, మార్చుకోవచ్చు అని ఆ కాలవగట్టు మీద అందరికీ తెలుసు. దాన్ని మట్టి కోసం మార్చినప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు.

నిరుద్యోగ యువతకి శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపించడమనే మాట కూడా ఆ రోజుల్లోనే గట్టిగా వినపడింది. 2005లో గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఉపాధి కల్పన మిషన్ పెట్టారు. దానికి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా పనిచేసిన మీరా షెనాయ్ 2012లో హైదరాబాద్ కేంద్రంగా యూత్‌ఫర్‌జాబ్స్ మొదలుపెట్టింది. పల్లెటూరి వికలాంగ యువతకి కొద్ది వారాల శిక్షణ ఇచ్చి షాపుల్లో, ఆఫీసుల్లో చేర్పించడం వాళ్ళ పని. అభ్యర్థికి మాత్రమే కాకుండా ఉద్యోగం ఇచ్చేవాళ్ళకీ పాఠం చెప్పాలనుకోవడం అందులో నాకు నచ్చిన సంగతి. 2016 చట్టం వైకల్యాల సంఖ్యని 21కి, రిజర్వేషన్‌ని 4 శాతానికి పెంచింది. బుద్ధిమాంద్యం, ఆటిజం, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళకి మొదటిసారి వాటా వచ్చింది. ఆకివీడులో చేపల ప్యాకింగ్ దగ్గర ఐసు మోసే ఒక కుర్రాడు నాకు తెలుసు. లెక్క రాదు, మాట సరిగా రాదు, ఏళ్ళ తరబడి టిఫినూ టీలూ సినిమా డబ్బులే జీతం. అలాంటి ఆడపిల్ల అయితే ఆ మాత్రం వీధి కూడా ఉండదు, నాలుగు గోడలే.

మా వీధిలో ఒక పిల్ల ఉంది, ఇరవై రెండేళ్ళు. వినపడదు, మాట రాదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీ ఒకదానికి వెళితే తీసుకోలేదు. రొయ్య తల తియ్యడానికి చెవులెందుకు? "పిలిస్తే పలకదమ్మా" అన్నారట. కిలోల లెక్కన కూలి, చల్లటి తడి నేల మీద గంటల తరబడి నిలబడటం, మాట్లాడుకుంటే మేస్త్రీ అరవడం. పలకని పిల్లని వద్దనడానికి ఆ కారణమే దొరికింది. చివరికి శిక్షణ పొంది విజయవాడలో ఒక బట్టల షాపులో చేరింది. వాళ్ళ నాన్న ఒప్పుకోడానికి ఆరు నెలలు పట్టింది. ఒప్పించింది మా అక్కే.

పదకొండు గంటలు నిలబడే ఉండాలట. ఆ పిల్ల కాళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి నిలబడటం ఎవరికీ సమస్యగా కనిపించలేదు. ఇక్కడ నాకు కోజికోడ్ ఆడవాళ్ళు గుర్తొస్తారు. అక్కడ బట్టల షాపుల్లో రోజంతా నిలబడి, మరుగుదొడ్డికి కూడా వెళ్ళనివ్వని పరిస్థితుల్లో పనిచేసిన సేల్స్‌గర్ల్స్, కుట్టుపనిచేసే విజి నాయకత్వంలో 'పెణ్‌కూట్టు' అనే సంఘం కట్టుకుని ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ షాపుల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు ఇచ్చింది. వికలాంగులు కాని ఆడవాళ్ళు, ఎవరూ 'శక్తి తక్కువ' అనని ఆడవాళ్ళు, కూర్చోడానికి ఒక స్టూలు కోసం చట్టం దాకా వెళ్ళాల్సొచ్చింది! మా పెద్దమ్మ ఊరందరినీ అడిగింది వాళ్ళూ అడిగారు.

అక్కకిప్పుడు యాభై దాటాయి. 2024 జులై నుంచి పింఛను ఆరువేలు, తన బ్యాంకు పుస్తకం తన దిండు కింద. ఆ పిల్లతో రోజూ రాత్రి వీడియో కాల్‌లో చేతులతో మాట్లాడుతుంది, ఇద్దరూ కలిసి ఏవో సొంత సైగలు కల్పించుకున్నారు. మొదటి వారంలోనే అక్క రెండు సంగతులు అడిగింది. బాత్రూమ్ ఎక్కడుంది? కూర్చోడానికేమన్నా ఉందా? ఆ పిల్ల మర్నాడు షాపు లోపల ఫొటో తీసి పంపింది. దీపాల వెలుగులో పట్టుచీరలు, అద్దాలు, వరసగా నిలబడ్డ అమ్మాయిలు. అక్క కళ్ళజోడు సర్దుకుని రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు వెతికింది. క్యాష్ కౌంటరు వెనక ఒక స్టూలు ఉంది. దాని మీద షాపు ఓనరు కొడుకు కూర్చున్నాడు.